ఆగయ్య బోర్లేసిన పడవ

యమునకు అన్నిటికంటె పెద్ద భయం ఒక్కటే. తన కన్ను మూతపడితే బిడ్డ దీప గోదారి దిక్కు పోతదని. దీపకు ఇంకా పాకుడే రాదు.

గోదావరిఖని శివార్ల, ఒడ్డుమీది పాత డంగుసున్నం ఇంట్ల వాళ్లు కిరాయికుంటున్నరు. బ్రిడ్జి లేని రోజుల్ల జనాన్ని దాటించిన పడవలు ఆ వాకిట్లనే పుట్టినయట. వాటిని చేసిన ఆగయ్య పోయిండు. ఆయన భార్య సారవ్వ ఉన్నది, ఇల్లు ఆమెదే. ఆయన చేసిన ఆఖరి పడవ, చిన్నది, నీళ్లల్ల దిగకుండనే ఇంటెనక సాయబాన్ల, రేకుల నీడ కింద బోర్లేసి ఉన్నది.

బొగ్గుబాయిల, బస్సుల సమ్మె మొదలైనంక కరెంటు ఊకె పోతున్నది. ఉక్కకు దీప ఒకటే ఏడుపు. ఓ పగటిపూట యమున, బాయిపని చేసే పెనిమిటి సదయ్య కలిసి ఆ పడవను వెల్లకిల తిప్పి, పాత చీర పరిచి పిల్లను పండవెట్టిండ్రు. టేకు చల్లదనానికి పిల్ల చప్పున నిద్రపోయింది.

అంగడి నుంచి వచ్చిన సారవ్వ చూసి, గంప కింద పడేసింది.

"ఎవలు తిప్పిండ్రే దీన్ని?"

"మేమే అవ్వా. పిల్ల పండుకుంటలేదని..."

"నీళ్లల్ల దిగని పడవల ముందుగాల ఎవలు పండుకుంటె వాళ్లే దాని మనిషి, పిల్లా! గందుకే బోర్లేస్తం. పడవ పనోళ్ల ఇంట్ల పిల్లికి గూడ ఎరుకే."

సదయ్య నవ్విండు. "మనిషికి పడవ గావాలె గని, పడవకు మనిషెందుకవ్వా?"

"నవ్వు బిడ్డా, నవ్వు. డ్యూటీ లేదాయె, నవ్వక ఏం జేస్తవ్?"

మళ్ల బోర్లేసిండ్రు. తెల్లారి చూస్తే పడవ వెల్లకిల ఉన్నది. నేల ఎండిపోయే ఉన్నది, పడవ అడుగు మాత్రం తడి. యమున వంట చేస్తుంటె సాయబాన్ల చెక్కమీద సుత్తె చప్పుడు. పోయి చూస్తే ఎవలుండరు. పడవ జరంత గోదారి దిక్కు జరిగి ఉంటది.

ఓ పగలు బియ్యం ఏరుకుంట ఏరుకుంట కునుకు వడ్డది. లేచి చూస్తే మంచంల దీప లేదు. పడవల ఉన్నది. ఏడుస్తలేదు, ఎవలో ఆడిస్తున్నట్టు నవ్వుతున్నది. పాదాలకు తడి ఇసుక.

యమున కేకకు సారవ్వ ఉరికొచ్చింది. పిల్లను యమున చేతులవెట్టి, కొంగు నడుముకు చుట్టి, తనే పడవలెక్కి పండుకున్నది.

"అవ్వా, ఏం జేస్తున్నవ్? దిగు!"

"దాని మనిషిని మార్చాలె గద. ముసలాయన చేతిపని, నన్ను మొయ్యనంటదా?" సారవ్వ కండ్లు మూసుకున్నది. "పిల్లను దీస్కొని పో. మళ్ల ఈ గడప తొక్కకు."

యమున పిల్లను, సదయ్యను తీస్కొని ఆటో ఎక్కి నస్పూర్ క్వార్టర్లల్ల ఉండే ఆడిబిడ్డ ఇంటికి పోయింది. దీప ఇప్పుడు యాడ పండవెడితే ఆడనే నిమ్మళంగ నిద్రపోతున్నది. యమునకే నిద్ర లేదు. బస్సులు బంద్. సారవ్వకు ఫోను లేదు. "ముసల్ది మంచిగనే ఉంటది తియ్" అని సదయ్య కదులడు. యమున తనే పోదామంటె పిల్లను ఎంట తీస్కపోవుడు భయం, ఇడిచిపోవుడు భయం. గోదారి నిండుగ వస్తున్నదంటున్నరు.

అటు పోయేటోళ్లు మీరెవలన్న ఉంటే, ఆ ఇంటి తలుపు కొట్టుండ్రి. సారవ్వా అని పిలువుండ్రి. పలుకకుంటే నూకి లోపటికి పోయి చూడుండ్రి. అవ్వ ఎట్లున్నదో యమునకు జెర చెప్పి పంపుండ్రి.