బనీను ఎక్కడ ఆరింది

మా గదిలో బట్టలు ఆరవు. వినేవాళ్లకి ఇదీ ఒక కష్టమేనా అనిపిస్తుంది. ఉతికిన తువ్వాలు మర్నాటి సాయంత్రానికి కూడా చేతికి చల్లగా తగులుతుంది. గోడ మూలన నల్లటి బూజు గీకినకొద్దీ చిగురు వేస్తుంది. ఆ గోడ పక్కనే పడుకునే మా పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా ఈల వస్తుంది. వాళ్ల నాన్న దానికి ఈలపిట్ట అని పేరు పెట్టారు. ముద్దుకే పెట్టారు, కాదనను. ఆ పేరు వినబడితే చాలు, నా చెయ్యి దానంతటదే వెళ్లి పిల్ల వీపు మీద పడుతుంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఈ ఊళ్లో వాళ్ల కంపెనీకి పని అయిపోయింది. ఇక్కడి లిఫ్టుల కాంట్రాక్టు ఇంకెవరో పట్టుకుపోయారు. పనివాళ్లని తీసెయ్యలేదు, అదొక్కటే అదృష్టం. రెండు ఊళ్లలో ఖాళీలున్నాయి, ఎవరికి ఏది కావాలో నెలాఖరులోపు చెప్పండి అన్నారట సూపర్‌వైజరు. ఒకటి సముద్రం పక్క ఊరు, ఒకటి కొండ మీద ఊరు. మా ఇంట్లో వాటిని సముద్రం, కొండ అనే అనుకున్నాం. జీతం రెండు చోట్లా ఒకటే. ఇష్టమొచ్చింది ఎంచుకోమనడం కూడా ఒక రకం శిక్షేనని నాకు అప్పుడు తెలిసింది. ఏదో ఒక చోటికి పొమ్మంటే వాళ్లని తిట్టుకుంటూ పోయేవాళ్లం. మనమే ఎంచుకున్నాక పిల్లకి ఏమైనా అయితే, తిట్టుకోవడానికి మనమే మిగులుతాం.

మా మరిది ఫోనులో అన్నీ వెతికిపెట్టాడు. అద్దెలు, ఎండలు, వానలు, బడులు, ఆసుపత్రులు, బస్సులు, అన్నిటికీ ఎవరో మార్కులు వేసి ఉంచారట. సముద్రం ఊళ్లో ఇంటద్దె కొండ ఊళ్లో దానికి సగం. కూరగాయలు చౌక, కంపెనీ పక్కనే ఇల్లు దొరుకుతుంది. కొండ ఊళ్లో బడి మంచిది, పిల్లల ఆసుపత్రి ఉంది. కానీ చలి, పైగా గడప దాటితే ఎక్కుడు దిగుడు.

“మొత్తం మీద సముద్రానికే మార్కులు ఎక్కువొచ్చాయి వదినా,” అన్నాడు, తనే పరీక్ష రాసి పాసైనట్టు.

పిల్ల ఛాతీకి ఎన్ని మార్కులు వేశారని అడిగాను. ఫోను అటూ ఇటూ తిప్పి, ఆ గడి లేదన్నాడు.

అత్తయ్యకి కొండ అనగానే మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఇంకా వెళ్లనేలేదు కదా అంటే, వాటికి ముందే తెలుస్తుంది అన్నారు. కొండకి వెళ్తే ఆవిడకి బాధ. సముద్రానికి వెళ్తే పిల్లకి ఎలా ఉంటుందో తెలియదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పిల్లని చూసే డాక్టరుని అడిగాను. చలికైతే కప్పుకోవచ్చు, తేమ, బూజు మాత్రం ఈ పిల్లకి పనికిరావు, గది పొడిగా ఉండాలి అన్నారు. ఏ ఊరు మంచిదో చెప్పండని గుచ్చి గుచ్చి అడిగితే, “నేను డాక్టర్నమ్మా, ఇళ్ల బ్రోకర్ని కాదు,” అని నవ్వారు. నవ్వుతూనే తర్వాతి వాళ్లని లోపలికి పిలిచారు.

నాకు మరిదిలా వెతకడం రాదు. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. ఇప్పటికీ మార్కులన్న మాట వింటే బెంచీ మీద నిలబెట్టినట్టే ఉంటుంది. బట్టల సంగతి మాత్రం తెలుసు. గాలికి ఆరిందా, ఎండకి ఆరిందా, ఆరీ ఆరకుండా మడత పెట్టారా, ముక్కుకి ఆనిస్తే చెప్పేస్తాను. ఈ గదిలో కాపురం పెట్టాక అబ్బిన విద్య అది.

ఆ నెలలోనే సూపర్‌వైజరు మా ఆయన్ని పని మీద సముద్రం ఊరికీ, అక్కణ్ణుంచి అటే కొండ ఊరికీ పంపారు. బయలుదేరేటప్పుడు సంచిలో పిల్ల బనీన్లు రెండు పెట్టాను. ఎర్రది సముద్రానికి, తెల్లది కొండకి. పొద్దున్నే తడిపి పిండి ఆరేసి, సాయంత్రం తీసి, కాగితంలో చుట్టి తెమ్మన్నాను.

“లిఫ్టుకి లోడు టెస్టు చేస్తాం. ఊరికి బనీను టెస్టా?” అన్నారు ఆయన.

“మీరు ఆరేసి తెండి చాలు.”

“ఇంకా నయం, నా మోకాలు కూడా విప్పి సంచిలో పెట్టలేదు,” అన్నారు అత్తయ్య గోడవైపు తిరిగి.

ఆయన తిరిగొచ్చాక మంచినీళ్లు ఇచ్చి, ముందు ఆ కాగితాలే విప్పాను. సముద్రం నుంచి వచ్చిన ఎర్ర బనీను కొత్త కాగితంలా గలగలలాడుతోంది. చంకల దగ్గర, కుట్ల దగ్గర కూడా చెమ్మ లేదు. కొండ నుంచి వచ్చిన తెల్లది అంచుల్లో ఇంకా చల్లగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఎర్రదానికి కాస్త గ్రీజు వాసన. అది మా ఇంటి వాసనే, ఆయన చేతుల్లో, సంచిలో, దిండు గలీబులో కూడా ఉంటుంది. పట్టించుకోలేదు.

ఇంకేముంది, సముద్రమే అనుకున్నాం. మరిది మార్కులు నెగ్గాయి, అత్తయ్య మోకాళ్లు నెగ్గాయి, మా ఆయన జీతానికి అందే అద్దె నెగ్గింది. నా మనసు కుదుటపడిందని చెప్పను. మోసి మోసి అలసిపోయి ఒక పక్కకి ఒరిగింది, అంతే. ఆయన సూపర్‌వైజరుకి సముద్రమని చెప్పేశారు. లారీ కూడా మాట్లాడారు.

ఆదివారం పొద్దున సామాను కడుతున్నాం. ఆయన నేల మీద కూర్చుని స్పానరుతో మంచం బోల్టులు విప్పుతున్నారు. అత్తయ్య కట్టిన మూట మీద కూర్చుని, ఇంకో మూట కట్టించుకుంటున్నారు. పిల్లకి స్నానం చేయించి, చేతికి అందిన తెల్ల బనీను తొడగబోయాను. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

“ఇది వద్దు. ఎర్రది.”

“రెండూ ఒకటేనే తల్లీ.”

“ఒకటి కాదు. ఎర్రదానికి నాన్న వాసన ఉంది. దీనికి లేదు.”

ఇంకో రోజైతే నవ్వేసి తొడిగేసేదాన్ని. ఆ రోజు ఎందుకో మూటలోంచి ఎర్రది పైకి లాగి, రెండూ రెండు చేతుల్లో పట్టుకుని వాసన చూశాను. పిల్ల చెప్పింది నిజమే. రెండూ వచ్చింది ఒకే సంచిలో, పక్కపక్కనే. సంచి వాసనే అయితే రెండిటికీ అంటాలి. ఎర్రదానికున్నది పైపైన అంటుకున్నది కూడా కాదు, నూలులోకి దిగి వేడెక్కిన నూనె వాసన. 

“ఏమండీ, సముద్రం ఊళ్లో దీన్ని ఎక్కడ ఆరేశారు?”

“పైన. మిషన్ రూములో,” అన్నారు తలెత్తకుండానే.

మేడ పైకప్పు మీద లిఫ్టు మోటారు ఉండే చిన్న గది అది. మోటారు తిరిగినంతసేపూ అందులో నిలబడితే పెనం మీద నిలబడ్డట్టు ఉంటుందని ఆయనే ఎన్నోసార్లు అన్నారు.

“అక్కడెందుకు? పడుకున్న గదికి కిటికీ లేదా?”

“ముందు కిటికీకే వేశా. మధ్యాహ్నం వచ్చి చూద్దును కదా, వేసినప్పటి కంటే ఎక్కువ తడిగా ఉంది. నువ్వేమో ఆరేసి తెమ్మన్నావ్. తడిది తెస్తే ఊరుకుంటావా?”

ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఏ పని చెప్పినా పూర్తి చెయ్యనిదే ఇంటికి రాని మనిషి. లిఫ్టు ఆగితే నడిపించి వస్తారు, బనీను ఆరకపోతే ఆరబెట్టి తెచ్చారు. ఎందుకు ఆరెయ్యమన్నానో నేనే సరిగ్గా చెప్పలేదు.

“అయినా నేనొక్కణ్ణేనా,” అన్నారు నవ్వుతూ. “అక్కడ తాడు ముందే కట్టి ఉంది. వాచ్‌మన్ చొక్కాలు, వాళ్లావిడ బట్టలు, కింది వాటాల వాళ్ల దుప్పట్లు, అన్నీ మోటారు చుట్టూనే. మిషన్ రూములో పూచికపుల్ల కూడా ఉంచకూడదని రూలు. వాచ్‌మన్‌కి గట్టిగా క్లాసు పీకా. పీకి, ఆ తాడు చివర మనదీ తగిలించా.”

“వాళ్లంతా బట్టలు తీసుకుని అంత పైకి ఎందుకు ఎక్కుతున్నారండీ?”

ఆయన చేతిలో స్పానరు ఆగిపోయింది. సముద్రంలో గది మా గదిలాంటిదే. మేమే కాదు, ఆ మేడలో అందరూ అలాగే ఉన్నారు. కాకపోతే వాళ్లకి మోటారు ఉంది.

“తెల్లదో?” అన్నాను.

“కొండలో మిషన్ రూముకి తాళం వేసి ఉంది. లాడ్జి కిటికీకి వేసి వదిలేశా.” నా చేతిలో తెల్లదాని అంచు పట్టి చూసి, “పొద్దున వేస్తే సాయంత్రానికి ఆ మాత్రం ఆరింది. ఎండ కూడా లేదు,” అన్నారు.

 అద్దె గురించే ఆయన ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. సూపర్‌వైజరుకి చెప్పేశానే అన్నారు. లారీ అతనికి చెప్పేశానే అన్నారు. జీతమంతా కొండలో ఇంటద్దెకి పోసేస్తే ఇంక తినడానికేం ఉంటుంది అన్నారు. అన్నిటికీ తల ఊపాను.  ఒక గదే తీసుకుందాం, నేను కుట్టుపని తెచ్చుకుంటాను అన్నాను. ఆ పని దొరుకుతుందో లేదో నాకేం తెలుసు.

“సరే, అంత పోసి వెళ్లాక అక్కడా దీనికి ఈల తగ్గకపోతే?”

“తగ్గకపోతే నన్ను అనండి,” అన్నాను. “నేను పడతాను.”

ఆయన వాళ్లమ్మ వైపు చూశారు. నేనూ చూశాను. అత్తయ్య మూట మీద నుంచి కదల్లేదు.

“నా మొహంలో ఏముంది చూడ్డానికి?” అన్నారు. “ఆ సముద్రంలో నా మోకాళ్లు బానే ఉంటాయి. ఉంటే ఏం చేసుకుంటాను? దీన్ని చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తనా? ఫోను చెయ్యరా. ఆదివారం కదా అని కూర్చుంటే ఆ కొండ కూడా ఎవరో ఎత్తుకుపోతారు.”

కొండని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఫోనులో సూపర్‌వైజరు గొంతు గది మొత్తానికీ వినిపించింది. ఆడపిల్లల్లా రోజుకో మాటేమిటయ్యా అని ఒకటే సణుగుడు. ఆఖరికి, అద్దెలకి భయపడి కొండ ఎవరూ అడగలేదు, నువ్వే పోయి ఏడువు అన్నారు. మా ఆయన ఆ ఫోను పెట్టేసి, లారీ అతనికీ కొండ అని చెప్పి, సగం విప్పిన మంచం పట్టె మీద కూలబడ్డారు. గెలిచినట్టు ఎవరికీ లేదు.

అత్తయ్య నా చేత కట్టించిన మూట మళ్లీ విప్పించారు. అడుగు నుంచి మా ఆయన పాత స్వెట్టరు బయటికి తీయించి, కత్తెర అడిగి, దాని రెండు చేతులూ భుజాల దగ్గరికి కత్తిరించారు. ఒక్కో చేతినీ ఒక్కో కాలికి మోకాలి దాకా లాక్కుని, లేచి రెండడుగులు వేసి చూసుకున్నారు. పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి ఈల వచ్చింది. నా చెయ్యి దాని వీపు మీదికి వెళ్లింది.

పిల్ల ఒంటి మీద ఇంకా బనీను లేదు. తెల్లది మళ్లీ చూపిస్తే మళ్లీ మొహం తిప్పుకుంది. అప్పుడు వాళ్ల నాన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని, బోల్టులు విప్పిన ఆ చేతుల్తోనే రెండుసార్లు నలిపి, మెడకి రాసుకుని ఇచ్చారు. పిల్ల వాసన చూసుకుని, మారు మాట్లాడకుండా చేతులు పైకెత్తింది.

తెల్లటి బనీను మీద ఛాతీ దగ్గర నల్లగా రెండు వేళ్ల మరక పడింది. సబ్బు కోసం లేవబోయి ఆగిపోయాను. ఇక్కడ ఉతికితే లారీ వచ్చేలోపు ఆరదు. కొండకి వెళ్లాకే ఉతుకుతాను.