ఖాళీగా వెళ్ళిన పెట్టె

పొద్దున్నే మొహం కడుక్కోగానే కొలబద్ద చేసే మొదటి పని కిటికీ పక్క బల్ల మీది గుడ్డ దులపడం. రెండో పని, నిన్న తను చేసినదాంట్లో తప్పు వెతకడం. తప్పు దొరికిందా, మనసు కుదుటపడేది. దొరక్కపోతే ఆ పూటంతా చిరాకే. కళ్ళకి ఏదో వచ్చిందేమోనని అనుమానం.

ఆ పేరు ఆయనకు షెడ్డులో పడింది. గూడ్సు బండ్ల పెట్టెలు బాగుచేసే షెడ్డు అది. అందులో ఆయన వడ్రంగి, రంగులు వేసేవాళ్ళకి పెద్ద. వెంట్రుకవాసి తేడా వస్తే బిగించిన చెక్క ఊడదీయించేవాడు. చదువు అంతంతమాత్రం. అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు. అంకెలు మాత్రం, ఎవరు రాసినా ఏ చెయ్యి రాసిందో దూరం నుంచే చెప్పేవాడు.

వయసైపోయి ఇంటికొచ్చాక కూడా చెయ్యి ఊరుకోలేదు. తన చేతుల మీదుగా వెళ్ళిన పాత గూడ్సు పెట్టెల్నే, అరచేతిలో పట్టేంత చిన్నవిగా చేయడం మొదలుపెట్టాడు. అగ్గిపుల్లల్లాంటి చెక్కలు, ఆవగింజలో సగముండే రివెట్లు, తోసి చూస్తే నిజంగానే జరిగే తలుపులు. ఊరికే చేసేవాడు కాదు. పాత ఫొటోలు తెప్పించేవాడు. షెడ్డులో చేసి దిగిపోయిన ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి, "కింద మూడో చెక్క మార్చినప్పుడు కొత్తది ఏ రంగు?" అని ప్రాణం తీసేవాడు. అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఏ రోజు పెట్టె?

"పెట్టె పెట్టే కదా, రోజుతో పనేమిటి?" అని ఎవరన్నా అంటే, "నిన్న గడ్డం గీసుకోలేదు నువ్వు. ఇవాళ గీసుకున్నావు. రెండూ ఒక మొహమేనా?" అనేవాడు.

రోజు సరిగ్గా కుదిరితే, ఆ రోజు ఆ పెట్టెలో ఏముందో అది వచ్చి చేరేది. ఉప్పు పెట్టె చేస్తే మూలల్లో తెల్లగా ఉప్పు తేలింది. పంచదార పెట్టెకి చీమలు పట్టాయి. సిమెంటు పెట్టె బరువుకి అల్మారా అర వంగింది. గుర్రాల్ని తీసుకెళ్ళిన పెట్టెనైతే వాసన భరించలేక వసారాలో పెట్టాల్సి వచ్చింది. పక్కింటావిడ వచ్చి, "పెద్దాయనా, మీ గుర్రాల్ని కాస్త అటు తిప్పండి, ఆరేసిన బట్టలకి కంపు పడుతోంది" అనేది. "అలాగేనమ్మా" అని తిప్పేవాడు. సరిగ్గా చేస్తే అంతే మరి, అనుకునేవాళ్ళు అందరూ.

ఒక్క పెట్టె మాత్రం ఎన్నిసార్లు చేసినా నిండలేదు. అది చిన్నోడి పెట్టె.

చిన్నోడు ఆయన తమ్ముడు. షెడ్డులో పెట్టెల మీద అంకెలు రాసేవాడు. ఏడు రాస్తే తోక కొంచెం లోపలికి తిప్పేవాడు. అన్న ఎంత తిట్టినా ఆ తోక మానలేదు. ఇక వాడి నిద్ర సంగతి ఇంటిల్లిపాదికీ వేళాకోళం. బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే, "వానొస్తోంది, కిటికీ వెయ్యండి" అని అటు తిరిగి పడుకునే రకం. ఒక వేసవి పొద్దున పెట్టె తలుపు మీద అంకెలు రాసి, రంగుడబ్బా కింద పెట్టి, నీడ కోసం అదే పెట్టెలోకి ఎక్కి నడుం వాల్చాడు. ఖాళీ పెట్టెలు వెంటనే పంపాలని పైనుంచి తొందర. తలుపులు మూసే మనిషి వచ్చి తలుపు జరిపి గొళ్ళెం వేశాడు. సుద్దముక్కతో 'ఖాళీ' అని రాశారు. బండి వెళ్ళిపోయింది. ఎక్కడో దూరాన, ఎవరూ తిరగని పక్క పట్టాల మీద, ఎండలో నిలబడిపోయింది ఆ పెట్టె. ఎవరో తలుపు తీసేసరికి అంతా అయిపోయింది.

తలుపు మూసిన మనిషి ఎవరో కాదు, కొలబద్దకి స్వయానా బావ. అక్క మొగుడు.

తలుపు మూసేముందు చేతిలోని ఇనప కొక్కెంతో చెక్క మీద మూడుసార్లు కొట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకెయ్యాలి. షెడ్డు పద్ధతి అది. కొట్టాను, కేకేశాను అన్నాడు బావ. అబద్ధం అన్నాడు కొలబద్ద. "కొట్టుంటే చెక్క మీద దెబ్బ పడుతుంది. ఆ తలుపు దొరకనీ, నలుగురికీ చూపిస్తాను."

తలుపు దొరకలేదు. కొన్నాళ్ళకు ఆ పెట్టెని తుక్కు కింద విప్పేశారు. చెక్కలు తలో దిక్కూ పోయాయి. మిగిలిన ఒక్క ఫొటోలో తలుపు పక్కకి తోసేసి ఉంది, అంకెలున్న భాగం ఫొటోలో పడలేదు. కొలబద్ద ఆ ఫొటో పెట్టుకుని పెట్టె మీద పెట్టె చేశాడు. సొట్టపోయిన మెట్టు, చిట్లిన చక్రం కప్పు, సుద్దరాత, ఏదీ వదల్లేదు. తలుపు మాత్రం ప్రతిసారీ నున్నగా, దెబ్బ లేకుండా చేశాడు. ప్రతిసారీ అది దూదిలా తేలిగ్గా ఉండిపోయింది. లోపం ఇంకెక్కడో ఉందని రివెట్లు మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు.

ఆ వేసవి నుంచి ఆయన బావతో మాట్లాడలేదు. అక్కని చూడ్డానికి వెళ్ళేవాడు. బావ ఎదురుగానే ఉన్నా, "అక్కా, మీ ఆయన్ని కాస్త కాలు జరుపుకోమను" అనేవాడు. "నేను నీకు అక్కనా, తంతి ఆఫీసునా?" అని అక్క విసుక్కునేది.

బావకి ఆ వేసవి నుంచి మూసిన తలుపు చూస్తే ఊపిరాడేది కాదు. ఇంట్లో తలుపులన్నీ ఊడబెరికి ఇచ్చేశాడు. వీధి వాకిలికి కూడా ఒక గుడ్డ తెర, అంతే. దొంగలు కూడా ఆ ఇంటిమీద జాలిపడి వదిలేశారు. అలాగే ఏళ్ళు గడిచిపోయాయి. ఈ ఏడు మాత్రం చలి ముందే వచ్చింది. బావకి రొమ్ము పట్టేసింది.

మేనకోడలు బట్టలు కుట్టే మనిషి. మధ్యాహ్నం మామయ్యకి క్యారేజీ తెచ్చి బల్ల పక్కన నిలబడింది.

"డాక్టరు ఏమన్నాడో వింటావా మామయ్యా?"

"నేనడిగానా?"

"అడక్కపోయినా చెబుతా. ఆ చలిగాలి ఆపకపోతే నాన్న ఈ చలికాలం దాటడు అన్నాడు. ఒక్క వీధి తలుపు చెయ్యి. బతిమాలో భయపెట్టో నేను ఒప్పిస్తా."

"చిన్నోడి మీద తలుపేసినవాడికి నేను తలుపు చెయ్యాలా?"

"మా నాన్నకి కాదులే. మీ అక్కకి చెయ్యి. ఆవిడకీ చలేస్తుంది."

ఆయన సూదిలాంటి కుంచె కడుగుతూ కూర్చున్నాడు. ఆ పిల్ల క్యారేజీ మూత చప్పుడయ్యేలా పెట్టింది.

"నువ్వు చెయ్యవని తెలిసే, పాత తలుపేదన్నా కొందామని కట్టెల అడితికి వెళ్ళొచ్చా. అక్కడ పక్క గోడకి ఒక తలుపు చూశా. కింద ఇనప చక్రాలున్నాయి, తోస్తే జరుగుతుంది. నీలం రంగు పెచ్చు లేచిన చోట తెల్లగా ఏడు అంకె ఉంది. తోక లోపలికి తిరిగి."

కుంచె చేతిలోంచి జారింది. కొలబద్ద చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అవి కాళ్ళకే ఉన్నాయి.

అడితి యజమాని కుర్చీ వేశాడు. కూర్చోలేదు. ఆ తలుపు ముందు మోకాళ్ళ మీద కూలబడి, జేబులోంచి చిన్న ఉలి తీసి నీలం రంగు గీకడం మొదలుపెట్టాడు. నీలం కింద ఇటుక రంగు, దాని మీద తెల్లంకెలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చిన్నోడి చెయ్యే. ఇన్నేళ్ళకి దొరికింది, ఇక చూపిస్తాను అనుకున్నాడు.

చివరి అంకె కింది గీత మీద ఉలి ఒక గుంటలో పడింది. ఆ పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి.

అవి ఇంకెప్పుడో పడిన దెబ్బలు కావచ్చు కదా? మనసు ఆ సందు చూసుకుంది. భూతద్దం తీశాడు. రంగు ఆరాక చెక్కని కొడితే పెచ్చు చిట్లుతుంది, చుట్టూ పగుళ్ళు పాకుతాయి. ఇక్కడ పగుళ్ళు లేవు. తెల్లరంగు చెక్కతోపాటే గుంటలోకి దిగింది. అంచున మెత్తగా కట్టలా లేచి, అలాగే ఆరిపోయింది. చిన్నోడు రాసిన రంగు ఇంకా పచ్చిగా ఉండగానే పడ్డాయి ఆ దెబ్బలు. ఆ పొద్దునే. గట్టిగా.

"ఏం కనబడింది మామయ్యా?"

"ఏం లేదు. పద."

ఇంటిదారి పట్టారు. వంతెన దగ్గర ఆగి, అటు చూస్తూ అన్నాడు. "మీ నాన్న చెయ్యి బరువైనదే."

"అంటే?"

"కొడితే గట్టిగానే కొట్టాడు అంటున్నా. చిన్నోడే లేవలేదు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీళ్ళు కుమ్మరించినా లేవడు కదా, వెధవ."

మర్నాడు పొద్దున బల్ల దగ్గర కూర్చుని కొత్త తలుపు చెక్కాడు. తెల్లరంగుతో అంకెలు రాశాడు. ఏడుకి తోక లోపలికి తిప్పాడు. ఎప్పుడూ రంగు ఆరితే గాని పెట్టెని ముట్టుకోని మనిషి, ఇవాళ ఆరనివ్వలేదు. సూది మొన వంచి, చివరి అంకె కింది గీత మీద మెల్లిగా మూడుసార్లు కొట్టాడు.

పెట్టె బరువెక్కింది. బల్ల కాలు కిర్రుమంది. చేతుల్లోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల ఎవరో నిద్రపోతున్నారు. గురక చివర సన్నని ఈల. ఆ ఈల మీద చిన్నప్పుడు ఒకే పక్కలో పడుకుని ఎన్ని దెబ్బలాటలో.

బొటనవేలు తలుపు మీదికి వెళ్ళి ఆగింది. మూసింది తను కాదు. తియ్యాల్సిందీ తను కాదు.

పెట్టెని రెండు చేతులా పట్టుకుని వీధిలోకి నడిచాడు. జనం తప్పుకుని దారిచ్చారు. సైకిళ్ళు బాగుచేసేవాడు తలెత్తి, "ఏం తీసుకెళ్తున్నావు కొలబద్దా?" అన్నాడు.

"మా తమ్ముణ్ణి."

"మెల్లిగా వెళ్ళు. ముందు గుంతుంది."

బావ ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. రెండు దుప్పట్లు. ఊపిరి తీస్తే కంసాలి తిత్తిలా చప్పుడు. వాకిలి తెర గాలికి లేచి పడుతోంది. కొలబద్ద పెట్టెని మంచం పక్క స్టూలు మీద పెట్టాడు. స్టూలు ఒకసారి ఒరిగి సర్దుకుంది.

"అక్కా, మీ ఆయన్ని వినమను."

చెప్పక్కర్లేకపోయింది. బావ అప్పటికే తల తిప్పి వింటున్నాడు. ఆ గురక ఆయనకీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో అత్తారింట్లో ఆ గురకకే కదా చాప తీసుకుని డాబా మీదికి పారిపోయింది.

"అక్కా, తలుపు ఆయన్నే తియ్యమను."

బావ లేచి కూర్చోడానికి చాలాసేపు పట్టింది. చూపుడువేలు ముడిచి, ఆ చిన్న తలుపు మీద మూడుసార్లు తట్టాడు. షెడ్డులో వేసే కేకనే చప్పుడు లేకుండా పెదవులతో అన్నాడు. గోటితో గొళ్ళెం ఎత్తి తలుపు జరిపాడు.

లోపల ఏమీ కనబడలేదు. అవిసెనూనె రంగు వాసన, ఎండకి కాలిన ఇనుము వాసన గదంతా పరుచుకున్నాయి. గురక ఆగింది. ఎవరో బద్ధకంగా ఆవులించారు. ఒళ్ళు విరుచుకుంటే కీళ్ళు పటపటమన్న చప్పుడు. తరవాత ఉత్తపాదాల అడుగులు, గచ్చు మీద, మంచం పక్కగా, ఎవరినీ లేపకూడదన్నట్టు మెల్లిగా. గాలి ఆగి ఉన్నా వాకిలి తెర ఒకసారి పక్కకి తొలిగింది, మళ్ళీ పడింది.

"లేచాడు," అంది అక్క. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొహమన్నా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు."

స్టూలు మీద పెట్టె దూదిలా తేలిగ్గా ఉంది. బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముసలివాళ్ళు ఏడ్చినట్టు చప్పుడు లేకుండా ఏడ్చాడు. అలా ఏడుస్తూనే గోడకి జారగిలి నిద్రపోయాడు. కొలబద్ద అక్కడే నిలబడి కాసేపు చూశాడు. ఆ తరవాత జేబులోంచి టేపు తీసి, వాకిలి వెడల్పు కొలిచాడు. నమ్మకం లేనట్టు మళ్ళీ కొలిచాడు.

అడితి నుంచి ఆ తలుపే తెచ్చాడు. వాకిలికి సరిపడా కోసి, నీలం రంగంతా గీకి, అంకెలున్న చెక్క బయటివైపు వచ్చేలా బిగించాడు. వద్దంటాడేమోనని మేనకోడలు మాటలన్నీ సిద్ధం చేసుకుంది. బావ దుప్పటి కప్పుకుని, కర్ర ఊతంగా బయటికి వెళ్ళి వీధిమెట్టు మీద నిలబడ్డాడు. కొలబద్ద లోపల కూర్చుని గడియ సరిచేసి, పట్టిందో లేదో చూద్దామని తలుపు దగ్గరికి నెట్టాడు.

బయట అలికిడి ఆగింది. తరవాత చెక్క మీద కర్రతో మూడు దెబ్బలు. పాత గుంటలున్న చోటే.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

మళ్ళీ అడిగే ధైర్యం ఆ గొంతుకి లేదని తలుపు ఇవతల ఉన్నవాడికి తెలిసిపోయింది. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి తమ్ముడి వైపే చూస్తోంది. ఈసారి తను మాట మొయ్యనన్నట్టు చేతులు కట్టుకుంది.

కొలబద్ద ఉలి కింద పెట్టాడు.

"ఉన్నాను బావా," అన్నాడు. "చలిగాలి కొడుతోంది. లోపలికొచ్చి తలుపేసుకో."