పొద్దుటి అత్తయ్య, సాయంత్రం అత్తయ్య

అత్తయ్య కట్టుడు పళ్ళు నేను కుళాయి కింద పెట్టి తోముతుంటే ఆడపడుచు ఫోన్ చేసింది. తడి చేతుల్తోనే ఎత్తి, స్పీకర్ నొక్కి, మంచం దగ్గర పెట్టాను. అత్తయ్య ఎంత చక్కగా మాట్లాడిందో. మనవడి పరీక్షలు అడిగింది, అల్లుడి నడుం నొప్పి అడిగింది, నీకెలా ఉందమ్మా అంటే ఓర్చుకోవాలి కదే అంది. పళ్ళు లేని నోటితో కూడా ఒక్క మాట తడబడలేదు. ఫోన్ మళ్ళీ నా చేతికి వచ్చేసరికి ఆడపడుచు గొంతు మారింది.

"అమ్మ బంగారంలా మాట్లాడుతోంది కదా వదినా. మతి చెడిందని అందరికీ ఎందుకు చెప్తున్నావ్?"

అందరూ అంటే ఆమె, మా ఆయన. ఇంకొకళ్ళకి చెప్పడానికి నాకు తీరికేది? సాయంత్రం ఒక్కసారి చేసి చూడమ్మా అన్నాను. సాయంత్రాలు పిల్లల చదువులు, వంట, తనకి ఊపిరాడదట. నాకు మాత్రం హాయిగా ఆడుతుందని ఆమె గట్టి నమ్మకం.

అత్తయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఆ ఉద్యోగంలోకి ఆడవాళ్ళు ఒకరూ అరా వస్తున్న రోజుల్లోనే చేరి, బస్సు నిండా మగాళ్ళని గొంతుతో అదిలించి నిలబెట్టిన మనిషి. నన్ను నెత్తిన పెట్టుకున్నదీ లేదు, కాల్చుకు తిన్నదీ లేదు. ఇప్పుడు ఎముకల దాకా పాకిన క్యాన్సర్. నెలకోసారి ఇంజెక్షన్లు, రోజూ మాత్రలు, నొప్పి. ఈమధ్య నొప్పి ఆగడం లేదంటే మాత్ర మోతాదు పెంచారు. అదిగో, అప్పట్నుంచే ఆమె ఇద్దరు మనుషులైంది. పొద్దున మామూలు అత్తయ్య. మధ్యాహ్నం మగతగా పడుకుని లేచేసరికి వేరే అత్తయ్య. గాలిలో వేళ్ళు ఆడిస్తూ టికెట్లు చింపుతుంది. లోపలికి జరగండమ్మా, లోపల ఖాళీ ఉంది అని బీరువాని బతిమాలుతుంది. మొదటిరోజు నేను నవ్వి, చెయ్యి చాపి ఒక టికెట్ తీసుకున్నాను కూడా. రెండోరోజుకి నేను ప్రయాణికురాలి నుంచి జేబుదొంగనయ్యాను.

సరిగ్గా మా ఆయన ఆఫీసు నుంచి వచ్చే వేళకే ఆ ఘట్టం నడుస్తుంది. ఇదిగో ఈవిడే, నా సంచిలో చెయ్యి పెట్టింది, అన్నంలో ఏదో కలుపుతోంది, పట్టుకోండి అని ఆమె అరుస్తుంటే ఆయన చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి చెయ్యి పట్టుకుంటాడు. కాసేపు కూర్చుంటాడు. ఒకరోజు అలాగే కూర్చుని లేచి, పెరట్లోకి వచ్చి, కుళాయి దగ్గర ఉన్న నా వెనక నిలబడ్డాడు.

"నిజం చెప్పు, అమ్మనేమైనా అన్నావా? ఊరికే అలా ఎందుకంటుంది?"

నా చేతిలో ఉన్నది ఆమె పక్క కింద పెట్టే బేసిన్. ఆయన దాన్ని చూడలేదు. నేనేమీ అనలేదండీ అన్నాను. ఆ మాట నా చెవులకే దొంగ చెప్పే మాటలా వినిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషికి నా గురించి తెలిసింది ఇంతేనా అని ఏడుపొచ్చింది. ఏడవడానికి కూర్చుంటే మళ్ళీ ఆవిడకి పాలు ఆలస్యమవుతాయి. మర్నాడు ఆడపడుచు ఫోన్ చేసి, మందులు ఎక్కువ వేసేస్తున్నావేమో ఒకసారి చూసుకో వదినా అంది. ఎంత మెల్లగా అందంటే, అది సలహా అనుకోవాలో అభియోగం అనుకోవాలో తేల్చుకోవడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళు ఫోన్లోనే వైద్యం మొదలుపెట్టారు. అత్తయ్య చెవి మిషన్ ఒకసారి విసిరేసిందని మా ఆయన దాన్నీ, కళ్ళజోడునీ కలిపి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పాడైతే ఎలా అని. గదిలో కర్టెన్లు వేసి ఉంచితే ప్రశాంతంగా నిద్రపోతుందని ఆడపడుచు చెప్పింది. తనకి తెలిసిన ఒక నిద్రమాత్ర పేరు కూడా చెప్పింది. ఆయన తెచ్చాడు. వేసింది నేను. వెయ్యనంటే నా మీద ఇంకో అనుమానం పుడుతుందని వేశాను. పట్టపగలు చీకటి చేసిన గదిలో, కళ్ళు ఆనక, చెవులు వినపడక, మత్తులో ఉన్న మనిషి మీదికి ఒక ఆకారం గిన్నె పట్టుకుని వంగితే ఆమె మాత్రం ఏమనుకోవాలి?

నాకూ ఒక ఉద్యోగం ఉందని చెప్పలేదు కదూ. ఇంట్లో నాకే గుర్తుండటం లేదు. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. బడి పుస్తకాల సీజను. సోమవారానికైనా రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని ప్రెస్సాయన కబురు పంపాడు. ఆ సంగతి చెప్తే మా ఆయన, ఇంట్లో ఇంత జరుగుతుంటే అక్షరాలు దిద్దుకోవడం ముఖ్యమా అన్నాడు. ఆయన ఆఫీసు ఫైళ్ళు మాత్రం అక్షరాలు లేకుండా నడుస్తాయి కాబోలు.

ఇంజెక్షన్ రోజున చక్రాల కుర్చీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అత్తయ్య గడ్డం రొమ్ముకి ఆనించి తూగుతోంది. పిలిస్తే కళ్ళు తెరిచి, మళ్ళీ మూసేస్తోంది. డాక్టరమ్మ ఆమెను చూసి, మా ఆయన వైపు తిరిగి, ఎప్పట్నుంచి ఇలా ఉన్నారు అని అడిగింది.

"వయసు కదండీ. మతిమరుపు. అమ్మ కొన్నాళ్ళుగా ఇంతే" అన్నాడు ఆయన.

అలా అయితే ఈ ఇంజెక్షన్లతో ఇంకా బాధపెట్టడం భావ్యం కాదనీ, ఆపేసి ఇంట్లోనే సుఖంగా ఉంచడం మంచిదనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆయన తలూపాడు. ఇంట్లో చూసుకుంటాం లెండి అన్నాడు. దుర్మార్గుడేం కాదు. అలిసిపోయాడు. ఆయన అలసటకి ఒక దారి దొరికింది, అంతే.

నేను కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకు అత్తయ్య మీద కోపంగా ఉంది. నన్ను దొంగ అన్న మనిషి. నోరు మూసుకుంటే పోయేదేముంది, పెద్దవాళ్ళు నిర్ణయించారు, నాకేం తెలుసు అనొచ్చు. కానీ ఆ పొద్దున ఆమె నా చేతిమీద చెయ్యేసి, నువ్వేమైనా తిన్నావా అని అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న వేసే మనిషి ఒక్కతే ఉంది. ఆమెకి ఇక వైద్యం అక్కర్లేదని తేల్చేస్తున్నారు.

"అలా కాదు డాక్టరుగారూ" అన్నాను. "మాత్ర పెంచిన రోజు పొద్దున నా ప్రూఫులో తప్పు పట్టుకున్నారు ఈవిడ. నేను చూడని తప్పు. ఇదంతా ఆ తర్వాతే. ఇప్పటికీ పొద్దున పూట బాగానే ఉంటారు."

మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. విరేచనం కాక ఎన్నాళ్ళో అయింది, నీళ్ళు తాగనంటున్నారు, ఒంటేలు వాసనొస్తోంది, వెళ్ళేటప్పుడు మంటంటున్నారు, నిద్రమాత్ర వేశాం, కళ్ళజోడు బీరువాలో ఉంది అన్నాను. అవన్నీ ఇక్కడెందుకు అని మా ఆయన గొణిగాడు. డాక్టరమ్మ తన కుర్చీని నా వైపు తిప్పుకుంది. ఇన్నాళ్ళలో నేను చెప్పేది వినడానికి ఎవరైనా కుర్చీ తిప్పడం అదే మొదలు.

అది వయసూ కాదు, పిచ్చీ కాదట. డెలీరియం అంటారట, ఒంట్లో ఏదో తేడా చేసి మతి చెదరడం. క్యాన్సర్ ఉన్నవాళ్ళకి తరచూ వస్తుందట. ఉన్నట్టుండి రావడం, పూటకో రకంగా ఉండటం దాని లక్షణం. కారణం పట్టుకుంటే చాలామందికి తగ్గుతుందని చెప్పి ఆ రోజే చేర్చుకుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, ఒంట్లో నీరు తగ్గింది, రక్తంలో కాల్షియం పెరిగింది. సెలైన్ ఎక్కించారు, నొప్పి మందు మార్చారు, నిద్రమాత్ర ఆపేశారు. నేను చెవి మిషన్, కళ్ళజోడు తెప్పించి పెట్టాను. మంచం కిటికీ పక్కకి జరిపించి, ఎదురుగా గడియారం తగిలించాను. దొంగ అన్నప్పుడల్లా వాదించకుండా, ఇది ఆస్పత్రి అత్తయ్యా, నేను మీ కోడల్ని అని చెప్తూ వచ్చాను. ఎన్నిసార్లు చెప్పానో. నాలుక పిడచకట్టుకుపోయేది. మెల్లమెల్లగా టికెట్లు చింపడం ఆగింది. కాస్త బలం పుంజుకోగానే ఇంజెక్షన్లు మళ్ళీ మొదలుపెడదామంది డాక్టరమ్మ. ఇది మళ్ళీ రావచ్చనీ, ఆమెని ఎరిగినవాళ్ళు పగలంతా పక్కన ఉండి, చిన్న తేడా కనిపించినా వెంటనే చెప్పాలనీ కూడా అంది.

"ఆ దిగులు లేదండీ. మా ఆవిడ ఉందిగా" అన్నాడు మా ఆయన, నా భుజం మీద చెయ్యేసి. మెచ్చుకోలు అది. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది.

ఆదివారం సాయంత్రం అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుంది. మా ఆయన మంచం చివర నిలబడి ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పోస్తున్నాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని నన్ను చాలాసేపు చూసింది.

"అమ్మాయ్, ఆ రోజుల్లో నిన్నేమైనా అన్నానా? ఏదో బస్సు, ఎవరో దొంగ, అరుపులు... కలో నిజమో తెలీట్లేదు. తలుచుకుంటే సిగ్గేస్తోంది."

ఏమీ అనలేదమ్మా, నువ్వు పడుకో అన్నాడు ఆయన గబుక్కున. అని నా వైపు చూశాడు. నేనూ అదే అనబోయాను. నా జన్మంతా ఏంలేదు, ఏంలేదు అనడంలోనే గడిచింది, ఆ మాట నోట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. మంచం అంచున కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అన్నారత్తయ్యా. దొంగనన్నారు. అన్నంలో ఏదో కలుపుతున్నానన్నారు. మీరు సిగ్గుపడక్కర్లేదు, అది మీరు మతి తప్పి అన్న మాట. మతి ఉన్న మీ పిల్లలు నమ్మారు."

ఫ్లాస్కు మూత బిగిస్తున్న చెయ్యి ఆగింది. నేను అటు చూడలేదు.

"రేపట్నుంచి నేను ప్రెస్సుకి వెళ్తున్నాను. పగలు మీ దగ్గర మీ అబ్బాయి ఉంటాడు."