ఇంక్యుబేటర్‌కి బొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దసరా పూట కూడా ల్యాబులో కణాలకు ద్రవం మార్చాల్సిందే కదా అని ఏ.ఎస్. రావు నగర్ నుంచి వస్తే, ఆ కోపం నెత్తికెక్కింది. కణాలను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ తలుపుకి పసుపు, కుంకుమ. తెరిస్తే, లోపల నా కణాల ప్లేటు మూత మీదా ఓ బొట్టు!

"కమలాబాయీ!"

ల్యాబు శుభ్రం చేసే కమలాబాయి పరుగున వచ్చింది.

"ఆయుధ పూజ గదా మేడమ్. లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల మా ఆయన లేత్ మిషన్‌కు పెడ్తడు. రోజూ వీటికి తిండి పెట్టాలె అంటరు గదా, అందుకే లోపల సుత పెట్టిన."

"మూత తీశారా?"

"లేదమ్మా, ఒట్టు! పైన్నే పెట్టిన."

ఆ ప్లేటులో ఉన్న మూలకణాల నుంచి బిడ్డ ఒంట్లో ఏ భాగమైనా తయారవుతుంది. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ మాత్రం తయారవదు. ఆ శక్తి కూడా రావాలని, మందులు కలిపిన ద్రవంలో వాటిని ఇరవై రోజులుగా వెనక్కి, ఇంకా తొలిదశకు నడిపిస్తున్నాను. పోయినేడు ఆరో నెలలో నా కడుపు పోయింది. మాయ సరిగ్గా ఎదగలేదన్నారు డాక్టర్లు. ఎందుకో వాళ్లకీ తెలీదు. ఈ కణాలు చేతికొస్తే ఆ కారణం వెతకొచ్చని నా ఆశ.

"బూజు పడితే మొత్తం పోయినట్టే! ఇక ఈ గదిలోకి రాకండి" అన్నాను. ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లే దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. నోరు జారాక ఏం లాభం?

మూడు రోజులు పూటకోసారి ప్లేటు చూశాను. ద్రవం మసకబారలేదు. మాయ కణాలుగా మారినవి ఆకుపచ్చగా వెలిగే ఏర్పాటు ముందే చేసి ఉంచాను. నాలుగో రోజు మైక్రోస్కోపులో చూద్దును కదా, గుంపులు గుంపులుగా ఆకుపచ్చ!

మా సారు రామభద్రరావు గారికి ఫోన్ చేయాలి. చేయలేదు. వరండాలో తుడుస్తున్న కమలాబాయి దగ్గరికి వెళ్లాను.

"అంత మాట అనకూడదు నేను. రండి, ముందు మీరు చూడండి."

ఆమె చాలాసేపు చూసింది.

"గివే మాయ అయితయా?"

"ఔను."

"గిది ముందుగాల్ల దొరికితే మన పాప బతికేదా మేడమ్?"

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

ఇంట్లో అందరూ 'ఆ విషయం' అంటారు. ఏడాదిగా పాప అన్న మనిషి ఈమె ఒక్కతే. ఆస్పత్రిలో కూడా రాని ఏడుపు అప్పుడు ముంచుకొచ్చింది.

"ఏడ్వు బిడ్డా, మంచిగ ఏడ్వు" అంటూ కమలాబాయి నన్ను దగ్గరికి తీసుకుంది.