దులిపిన బట్టలు

"ఎప్పుడైనా దుమ్ము ధూళిలో పని చేశారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఈవిడా? గడప దాటితే కదండీ! ఆ దుమ్మంతా నేనే తిన్నాను," అన్నాడు భర్త. ఆయన బాయిలరు గొట్టాలకు వేడి పోకుండా ఆస్బెస్టాస్ పీచు చుట్టి చుట్టి రిటైరైన మనిషి. సాయంత్రం నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా ఇంటికొస్తుంటే, "పిండి మనిషి వచ్చాడు" అని ఆవిడ ఆటపట్టించేది.

ఇప్పుడు ఆయాసం మాత్రం ఆవిడకి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. సూదితో తీస్తే మళ్లీ చేరింది. ఆ నీటి పరీక్షలో ఏమీ తేలలేదు. క్షయ కావచ్చని ఇదివరకటి డాక్టరు మందులు మింగించాడు. స్కాన్‌లో చూస్తే ఊపిరితిత్తి మీది పొర మందంగా ఉంది.

ఆయన ఫ్లాస్కులో వేణ్నీళ్లకని బయటికెళ్లగానే ఆవిడ గొంతు తగ్గించింది.

"తల్లీ, ఆయన పని బట్టలు నేనే ఉతికేదాన్ని. నానబెట్టే ముందు పెరట్లో గట్టిగా దులిపేదాన్ని."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగింది. "ఇందాక చెప్పలేదేం?"

"ఆయన ముందా? తట్టుకోలేడమ్మా. నువ్వూ చెప్పకు."

"మీరు వద్దంటే చెప్పను. కానీ దేనికోసం వెతకాలో ఇప్పుడు తెలిసింది. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, కెమెరాతో చూస్తూ పొర ముక్క తీద్దాం."

ముక్క పరీక్ష ఫలితం వచ్చిన రోజు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. డాక్టరమ్మ మాట తప్పలేదు. బట్టల ఊసెత్తకుండా జబ్బు పేరు మాత్రం చెప్పింది. మీసోథీలియోమా, ఊపిరితిత్తి పొరకు పట్టే క్యాన్సర్. "నీరంతా తీసేసి, మళ్లీ చేరకుండా పొరలు అతుక్కునే మందు పెడతాం. తర్వాత సెలైన్‌లో క్యాన్సర్ మందులు. పూర్తిగా పోతుందని చెప్పను. ఆయాసం తగ్గిస్తాం, కాలం పెంచడానికి చూస్తాం."

ఆయనకు ఆ పేరు తెలుసు. ఆస్బెస్టాస్ దుమ్ము తిన్న వాళ్ల మేస్త్రీని తీసుకుపోయింది ఆ జబ్బే. ఆవిడ ఆయన ముఖం చూడలేక గోడ మీది గడియారం చూస్తూ కూర్చుంది.

పొరలకు మందు పెట్టించుకుని ఇంటికొచ్చాక, ఆవిడ కిటికీ దగ్గర మంచం మీద పడుకుంది. పెరట్లో ఆయన ఆవిడ ఆసుపత్రి బట్టలు తీశాడు. తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని దులపబోయాడు. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మెల్లగా దించి, చప్పుడు కాకుండా బకెట్‌లోని సబ్బు నీళ్లలో ముంచాడు.

ఆయనకి తెలిసిపోయిందన్నమాట.

తడి చేతులతోనే వచ్చి కిటికీ అవతల నిలబడ్డాడు. "ఇలా ముందే తడిపి ఉంటే..."

"అలా చెయ్యాలని మీకెవరైనా చెప్పారా?"

"లేదు."

"మరి నాకెవరు చెబుతారు? ఆ పిండి మనిషిని నేనే కదా ఇంట్లోకి రానిచ్చాను." ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "సబ్బు తగ్గించండి. ఆ నురగ వదిలేసరికి తెల్లారేట్టుంది."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కిటికీ ఊచల మధ్య నుంచి తడి చెయ్యి లోపలికి చాపాడు. ఆవిడ పట్టుకుంది.