అక్క వయసు

అడుగు వరసలో సీసాలు తుడవడం అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. కార్డమ్మ తడిగుడ్డను బకెట్లో జాడించి, గట్టిగా పిండి, రెండో వరస అందుకుంది. ఆమె సీసాను మెడ దగ్గర పట్టుకోదు, భుజం దగ్గర పట్టుకుంటుంది. మూత మీది సీలుకు గుడ్డ తగలనివ్వదు. తడి తగిలితే సీలు కాగితం ఉబ్బుతుంది, ఉబ్బిన సీలు చూస్తే తాగేవాడికి లేనిపోని అనుమానాలన్నీ వస్తాయి. తుడిచిన ప్రతి సీసానూ పేరు ముందుకొచ్చేలా తిప్పి పెడుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ షాపులో పొద్దున్నే చేసే పని ఇది. ఇవాళ ఆఖరిసారి అయినా ఆ చేతులు తొందరపడలేదు.

కార్డమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. "కార్డు చూపించు నాయనా", "కార్డేదీ తల్లీ" అని అడిగీ అడిగీ సంపాదించుకున్న బిరుదు. ఇరవై ఒకటి నిండనివాళ్ళకు మందు అమ్మకూడదని చట్టం. మిగతా షాపుల్లో ఆ చట్టం గోడ మీద బోర్డులో వేలాడుతుంటుంది, ఈ షాపులో మాత్రం కళ్ళజోడు పెట్టుకుని కౌంటరు వెనక నిలబడుతుంది. మీసాలొచ్చినవాడినీ అడుగుతుంది, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చినవాడినీ అడుగుతుంది. ఒకసారి పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరినవాడినీ అడిగింది. వాడు లాఠీ చూపించాడు. "అది కాదు, కార్డు" అంది.

అలాంటి మనిషి వయసే దొంగ వయసు. కంచే చేను మేసిందని ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోవచ్చు గానీ, ఆ చేను కథ వేరు.

కాగితాల ప్రకారం కార్డమ్మకు ఇవాళ అరవై నిండాయి. షాపు నియమం ప్రకారం సాయంత్రం ఐదింటితో ఆమె పని ఆఖరు. అసలు వయసు యాభై ఏడు. ఆ అరవై ఏళ్ళు ఆమె అక్కవి.

సీసాలు కడిగే ఫ్యాక్టరీలో పనికి దరఖాస్తు పెట్టింది అక్క. పద్దెనిమిది నిండినవాళ్ళే కావాలన్నారు. అక్కకు నిండాయి, బడి ఇచ్చిన సర్టిఫికెట్టు కూడా ఉంది. ఉద్యోగం వస్తే సంతకం పెట్టమంటారని పెరటి గోడ మీద బొగ్గుతో రోజూ సాధన చేసేది. చివరి అక్షరం కింద తోక ఒకటి పొడుగ్గా లాగి, వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయేది. తర్వాత జ్వరం వచ్చింది. పదకొండు రోజుల్లో మనిషి లేదు. పనిలో చేరమని ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం ఆ తర్వాత మూడు వారాలకు వచ్చింది. అమ్మ ఆ ఉత్తరాన్ని ఒళ్ళో పెట్టుకుని చిన్నకూతుర్ని దగ్గరకు పిలిచింది. "నువ్వెళ్ళవే బుల్లీ. పేరడిగితే దాని పేరు చెప్పు. వయసడిగితే పద్దెనిమిదను. నోరు జారకు" అంది. బుల్లికి అప్పుడు పదిహేనేళ్ళు. రెండు సాయంత్రాలు గోడ ముందు నిలబడి అక్క సంతకం నేర్చుకుంది. ఆ గోడకు తర్వాత సున్నం వేశారు. సంతకం మాత్రం ఆమె చేతిలో ఉండిపోయింది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ షాపు పెద్దాయన ఆమెను కౌంటరు మీదికి తీసుకున్నాడు. కాగితాలు కూడా ఆమె వెంటే వచ్చాయి. అమ్మ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు బుల్లీ అని పిలిచేది సైకిళ్ళు బాగుచేసే మొగుడు ఒక్కడే. పెళ్ళికి ముందే అతనికి అంతా చెప్పేసింది. అతను గంభీరంగా విని, "అయితే కాగితాల లెక్కన నేను వదినగారిని చేసుకుని, మరదల్ని ఇంట్లో పెట్టుకుంటున్నానన్నమాట" అన్నాడు. ఆ మాటకు ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

ఇవాళ పొద్దున అతను నవ్వించలేదు. ఆసుపత్రివాళ్ళు ఆమె పుట్టినప్పుడిచ్చిన కాగితాన్ని పెట్టె అడుగునుంచి తీసి ఆమె సంచిలో పెట్టాడు.

"మూడేళ్ళు ఊరికే వదిలేస్తావా బుల్లీ? ఆ పని లేకపోతే నువ్వుండలేవు. కాగితం చూపించి చెప్పెయ్" అన్నాడు.

ఉండలేదు, నిజమే. ఆ కౌంటరంటే ఆమెకు ప్రాణం. తనకన్నా బాగా ఆ పని చేసేవాళ్ళు లేరని ఆమెకు తెలుసు, తెలుసని ఒప్పుకోవడానికి ఆమె సిగ్గుపడదు కూడా. ఐదింటిలోగా నోరు విప్పితే ఇంకో మూడేళ్ళు, విప్పకపోతే ఇవాళ్టితో సరి. అది తేల్చుకోవడానికి ఒక పగలు ఉంది. ఈలోగా సీసాలు తుడవాలి.

పదింటికి షట్టరు ఎత్తగానే తాపీమేస్త్రి వచ్చాడు. అరవై రెండేళ్ళవాడు, జుట్టంతా సున్నం కొట్టినట్టు తెలుపు.

"ఏం కార్డమ్మా, నన్నెప్పుడూ అడగవేం?"

"ఏమని?"

"కార్డని. మొన్నెవడినో ముప్ఫై ఏళ్ళవాణ్ణి అడిగావట. వాడు ఊరంతా చెప్పుకుంటున్నాడు. నేనేం పాపం చేశాను?"

కార్డమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "చూపించు మరి. మొహం లేతగానే ఉంది."

మేస్త్రి నిజంగానే జేబులు వెతికి, ముడతలు పడ్డ కార్డు తీసి చూపించి, ఛాతీ విరుచుకుని వెళ్ళాడు. పక్కన స్టూలు మీద కూర్చున్న కొత్తమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆమె చేరి నాలుగు రోజులు. అంతకుముందు బస్సుల్లో టిక్కెట్లు కొట్టేది. కార్డమ్మ తర్వాత కౌంటరు ఆమెదే. అందరినీ అక్కా, అన్నా అనడం బస్సులో అబ్బిన అలవాటు.

"ఎవర్ని అడగాలో ఎవర్ని అక్కర్లేదో ఎట్లా తెలుస్తుందక్కా?"

"తెలియదు. అందుకే జుట్టు నెరవనివాళ్ళందర్నీ అడుగు. ఒకళ్ళని అడిగి ఒకళ్ళని వదిలేస్తే గొడవ. అందర్నీ అడిగితే చాదస్తమంటారు. చాదస్తానికి ఎవరూ తిరగబడరు."

మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక కుర్రాడొచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, దర్జాగా నడిచొచ్చాడు, అడగకముందే కార్డు కౌంటరు మీద పెట్టాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. కార్డు మీది మొహం వీడిదిలాగే ఉంది. పుట్టిన తేదీ అడిగితే పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నీ వెనక ఎవరున్నారు నాయనా?"

కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇక్కడ కాదయ్యా, ఇంట్లో. నీ తర్వాత పుట్టినవాళ్ళు."

"ఎవరూ లేరండి. ఇంట్లో నేనే చిన్న. అన్నయ్యా, నేనూ, అంతే."

"అన్నయ్యకెన్నేళ్ళు?"

"ఇరవై మూ..." అని ఆగిపోయాడు. కార్డు మీద ఉన్న వయసు ఇరవై మూడు. చెవులు ఎర్రబడ్డాయి.

కార్డమ్మ గొంతు పెంచలేదు. కార్డును అతని వైపు జరిపింది. "తీసుకెళ్ళి మీ అన్నయ్యకిచ్చెయ్. ఇంకొకళ్ళ వయసు మొయ్యడం తేలికనుకుంటున్నావు. చాలా బరువది."

వాడు వెళ్ళాక కొత్తమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. కార్డమ్మ వివరించింది. తేదీలు బట్టీ పట్టుకొస్తారు, అమ్మానాన్నల పేర్లు కూడా కలుస్తాయి. కానీ పుట్టిన దగ్గర్నుంచి అన్నయ్యా అని పిలిచినవాణ్ణి ఒక్క పూటలో తమ్ముణ్ణి చెయ్యాలంటే నాలుక ఒప్పుకోదు. అక్క దగ్గరా అంతే. ఆ మాట అన్నాక ఆమెకు తన సంగతే గుర్తొచ్చింది. నలభై రెండేళ్ళుగా ఎవరు అడిగినా, మా ఇంట్లో నేనొక్కదాన్నే అని చెబుతూ వచ్చింది. అక్క ఉందంటే తను ఎవరో చెప్పాలి. చెల్లెలుందంటే ఆ చెల్లెలు ఎక్కడుందో చెప్పాలి. అందుకని ఇద్దరినీ మింగేసింది. సమర్థురాలని ఊరంతా మెచ్చుకునే మనిషికి ఆ ఒక్క విషయంలో తనమీద తనకు కోపం.

నాలుగున్నరకు యజమాని లోపలిగదిలోకి పిలిచాడు. పెద్దాయన కొడుకు, ముప్ఫై అయిదేళ్ళవాడు. తన తల్లికన్నా ఏడాది పెద్దదని ఆమెను పెద్దమ్మా అంటాడు. అసలు లెక్కన పిన్నీ అనాలి. బల్ల మీద రెండు కాగితాలున్నాయి.

"ఇది మీ రిటైర్మెంటు కాగితం. కానీ పెద్దమ్మా, నిజం చెప్పండి, మీకు అరవై ఉండవు. మా అమ్మ మోకాళ్ళు పట్టుకుని నడుస్తోంది, మీరు పెట్టెలు దించుతున్నారు. బళ్ళో ఎక్కువ వేసి రాసుంటారు. మీ పాత కాగితం ఏదైనా ఉంటే చెప్పండి. పేరూ తేదీ కలవకపోయినా ఫర్వాలేదు. లాయరుతో మాట్లాడి ఇది టైపు చేయించాను. ఖాళీలు నింపి సంతకం పెడితే ఇంకో మూడు నాలుగేళ్ళు మీరిక్కడే."

కార్డమ్మ రెండో కాగితం అందుకుంది. ఆమె మనసు ఎగిరి గంతేసిన మాట నిజం. ఎడమచెయ్యి అప్పటికే సంచి మూతి మీద ఉంది. ఇంత సులువా అనుకుంది. కళ్ళజోడు సర్దుకుని చదివింది. "షాపు రికార్డులో ఉన్న పేరు, పుట్టిన తేదీ పొరపాటున నమోదైనవి. ఆ పేరుతో, ఆ తేదీన పుట్టిన వేరొక వ్యక్తి ఎవరూ లేరు, ఎన్నడూ లేరు."

ఇంకోసారి చదివింది.

"ఈ ఆఖరి ముక్క తప్పదా బాబూ?"

"అదే ముఖ్యం పెద్దమ్మా. అది లేకపోతే ఇద్దరు మనుషులనుకుంటారు."

ఇద్దరే. కుక్కలున్న సందులో అక్క ముందు నడిచేది, తను ఆమె గౌను అంచు పట్టుకుని వెనక నడిచేది. కరిస్తే ముందు నన్నే కరుస్తాయిలేవే అనేది. ఆ మనిషి ఎన్నడూ లేదట. అక్క పేరు మీద అన్నం తింది, అక్క తేదీ మీద పెళ్ళి చేసుకుంది, అమ్మకు మందులు కొంది. ఇప్పుడు ఏరు దాటి తెప్ప తగలెయ్యమంటున్నారు. యజమాని మంచివాడే, అతనికేం తెలుసు? ఆమెకు దుఃఖం వచ్చింది, ఆ దుఃఖంలోనే ఎటూ ఊగని నిశ్చయమూ వచ్చింది. సంచి మీంచి చెయ్యి తీసేసింది.

"వద్దులే బాబూ. రికార్డులో పొరపాటేం లేదు. ఆ తేదీన పుట్టింది నిజం."

"అంటే అరవయ్యేనా?"

"అరవయ్యే. ఇవాళ్టికి నిండాయి."

మొదటి కాగితం దగ్గరకు లాక్కుని సంతకం పెట్టింది. చివరి అక్షరం కింద తోక, ఎప్పటికన్నా పొడుగ్గా, కాగితం అంచుదాకా లాగింది. అక్క ఉద్యోగం పూర్తయింది. ఒక్క మాట పడకుండా, ఒక్క సీసా పగలగొట్టకుండా చేసింది అక్క.

ఐదింటికి కార్డమ్మ సంచి తగిలించుకుని కౌంటరు వెనకనుంచి బయటికొచ్చింది. గుమ్మం దాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కొచ్చి, తను పొద్దున తుడిచిన రెండో వరసలోంచి చిన్న ద్రాక్షసారా సీసా ఒకటి భుజం దగ్గర పట్టుకుని తీసి, కొనేవాళ్ళ వరసలో నిలబడింది. అటువైపు నిలబడటం ఆమెకిదే మొదటిసారి. కౌంటరు ఆమె గడ్డం దాకా వచ్చింది. వెనక నిలబడ్డవాడెవడో, "అరె, కార్డమ్మ ఇంతేనా!" అన్నాడు.

కొత్తమ్మాయి సీసా వైపు చూసింది, ఆమె వైపు చూసింది. నవ్వు ఆపుకుంటూ చెయ్యి చాపింది. "కార్డు చూపించండక్కా."

కార్డమ్మకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. కార్డు తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి నిజంగానే చదివింది, పైనుంచి కిందిదాకా, తొందరపడకుండా.

"ఇవాళే పుట్టినరోజా! చెప్పనేలేదు. సరే, మీ వెనక ఎవరున్నారక్కా?"

వరసలో నలుగురున్నారు. అందరూ వింటున్నారు.

"ఒక చెల్లెలుంది" అంది కార్డమ్మ.

"ఎన్నేళ్ళు?"

"యాభై ఏడు."

"ఎప్పుడూ చెప్పలేదే! ఏం చేస్తుంటుంది?"

"ఇన్నాళ్ళూ నా వెనకే ఉండిపోయింది పిచ్చిది. దానికంటూ ఏమీ చేసుకోలేదు. రేపట్నుంచి దాని సంగతి చూడాలి."

సీసా సంచిలో పెట్టుకుని, కార్డు జాగ్రత్తగా దాచుకుని, రోడ్డు మీది ఎండలోకి గబగబా నడిచి వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర సైకిళ్ళాయన ఎదురుచూస్తూ ఉంటాడు. ఆమె చెప్పేది విని కోప్పడతాడు, తర్వాత రెండు గ్లాసులు కడుగుతాడు. కొత్తమ్మాయి ఆమె మలుపు తిరిగేదాకా చూసి, స్టూలు మీంచి లేచి, మొదటిసారి కౌంటరు మధ్యలోకి వచ్చి నిలబడబోయింది. కాలికి ఏదో తగిలింది. వంగి చూసింది. పాత సీసాల చెక్కపెట్టె, బోర్లించి ఉంది. దాని మీద రెండు చిన్న పాదాల మేర చెక్క అరిగి, నున్నగా మెరుస్తోంది.