తలుపు సీను

ఉదయం ఆట మొదలవడానికి చాలా ముందే ఆయన సినిమా హాలులోకి వచ్చేవాడు. చేతిలో టార్చిలైటు, భుజాన పనిముట్ల సంచీ. ముందు వరస నుంచి వెనక వరస దాకా ఒక్కో సీటునీ అరచేత్తో నొక్కి చూసేవాడు. స్ప్రింగు కిర్రుమన్నా, రెక్సిను చిరిగినా సుద్దముక్కతో గుర్తు పెట్టుకునేవాడు. తర్వాత నేల మీద చతికిలబడి, వంకర సూదితో, మైనం పట్టించిన దారంతో కుట్టేవాడు. ఆయన వేసిన కుట్టు ఊడిందని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు.

అందరూ ఆయన్ని సూదాయన అనేవాళ్లు. పనిని బట్టి వచ్చిన పేరే గానీ ఆయన మాటకీ అతికినట్టు సరిపోయింది. తాగడు, అబద్ధమాడడు, పనికి ఆలస్యంగా రాడు. ఎదుటివాళ్లు వీటిలో ఏది చేసినా మొహం మీదే అనేసేవాడు. అనేశాక వాళ్ల మొహం ఎలా అయిందో చూసేవాడు కాదు.

ఆట వదిలాక జనం హాలు మెట్ల మీద కాసేపు ఆగేవాళ్లు. అక్కడే టీ బండి. గ్లాసు చేతిలోకి రాగానే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. పాటలు బాగున్నాయనో, పోట్లాటలు ఎక్కువయ్యాయనో. ఆ హాల్లో సినిమాలు మాట వినేవి. మెచ్చుకుంటే ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. తప్పు పడితే మాత్రం తర్వాతి ఆటకల్లా దిద్దుకునేవి. ఒకసారి బట్టల కొట్టు గుమాస్తా, "అంత వానలో తడుస్తూ పాడతాడేంటండీ, జలుబు చెయ్యదూ?" అన్నాడు. మధ్యాహ్నం ఆటలో హీరో గొడుగు వేసుకుని పాడాడు. అందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. "నువ్వు చూసింది పొద్దుటి ఆటా, మధ్యాహ్నం ఆటా?" అని ముందే అడిగేసి వాదనకి దిగేవాళ్లు.

ఒక్కటే చిక్కు. సినిమాలోంచి వెళ్లిపోయింది మళ్లీ వచ్చేది కాదు. ఇంకో సినిమాలో ఒక కుక్క ఉండేది. దాని మొరుగుడికి మాటలే వినపడటం లేదని ఒకావిడ విసుక్కుంది. తర్వాతి ఆటకి కుక్క లేదు. పిల్లలు ఏడిచారు. కుక్క లేని ఆ ఇల్లు బోసిపోయిందని పెద్దలు కూడా తప్పు పట్టారు. సినిమా విన్నది. ఆటాటకీ గేటు తెరిచి పెట్టింది, గిన్నెలో పాలు పోసింది. కుక్క మాత్రం రాలేదు.

సూదాయన మెట్ల మీద నిలబడేవాడే గానీ సినిమాల గురించి నోరు విప్పేవాడు కాదు. తెర మీద మనుషుల మంచిచెడ్డలు మనకెందుకు, ఇంట్లోవాళ్లవి చూసుకుంటే చాలదా అనేవాడు.

ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. భార్య పోయాక ఒక్క కూతుర్నీ తనే పెంచాడు. బడి వదలగానే ఆ పిల్ల హాలుకే వచ్చేది. చిరిగిన సీటు చూసి మరీ కూర్చునేది. మనసులో ఏదైనా భయం ఉంటే, చిరుగులోంచి స్పాంజి పీకి, రెండు వేళ్ల మధ్య చిన్న చిన్న ఉండలు చేసి సీటు చెయ్యి మీద వరసగా పెట్టేది. "నేను కుడుతుంటే నువ్వు పీకుతావేమే!" అని చేతి మీద ఒక్కటి వేసేవాడు. ఆ పూటకి మానేది. మర్నాడు మళ్లీ ఉండలు.

పెద్దదయింది. పెళ్లి చేశాడు. కొన్నాళ్లకి ఒక సంచీ పట్టుకుని తిరిగొచ్చి తలుపు కొట్టింది. "ఆ ఇంట్లో ఉండలేను నాన్నా" అంది. ఎందుకమ్మా అని ఆయన అడగలేదు. "ఇచ్చిన మాట మీద నిలబడనివాళ్లకి ఇక్కడ చోటు లేదు" అని లోపలి నుంచే చెప్పాడు. గడియ మీద చెయ్యి వేసి, అడుగుల చప్పుడు వీధి చివరకి పోయేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన దగ్గర ఆ పిల్ల ఊసు ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది, హాల్లో టికెట్లు ఇచ్చే సొంత చెల్లెలికి కూడా.

కానీ చెల్లెలు మేనకోడలితో ఫోన్లో మాట్లాడుతూనే ఉండేది. ఆ పిల్ల వేరే ఊళ్లో ఒంటిగా గది తీసుకుని, ఉద్యోగం చేసుకుంటోంది.

అలాంటి రోజుల్లో ఆ హాలుకి ఒక సినిమా వచ్చింది. అందులోనూ ఒక కూతురు ఇల్లు వదిలి పోయి, చాలా ఏళ్లకి తిరిగొస్తుంది. గుమ్మంలో నిలబడి తలుపు కొట్టబోయి, చెయ్యి దించేసుకుంటుంది. లోపల తండ్రి ఆ చెప్పుల చప్పుడు గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చి తలుపు తీస్తాడు. "ముందు చేతులు కడుక్కో, తిందువుగాని" అంటాడు. ఇంకేమీ అనడు.

హాలంతా ఏడ్చేది. సూదాయన రోజూ ఆ సీను వేళకి వెనక తలుపు దగ్గర నిలబడేవాడు. చెల్లెలు అది కనిపెట్టింది. వెంటనే మేనకోడలికి ఫోన్ చేసింది. "ఒక్కసారి రావే. ముందు ఈ సినిమా చూడు, ధైర్యం అదే వస్తుంది. చూశాక నేనే నిన్ను ఇంటికి తీసుకెళ్తాను." నాన్నకి ముందే చెప్పనని మాట ఇస్తేనే ఆ పిల్ల ఒప్పుకుంది.

ఆ పిల్ల వచ్చే రోజు పొద్దున్నే చెల్లెలు అన్న దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ఈ సినిమా గురించి నువ్వేమీ అనకు."

"నన్నెవరు అడిగారు?"

"అడిగినా అనకు."

"ఏం, నా నోటికి తాళం నీ దగ్గరుందా?"

"ఈ ఒక్క పూటా అనుకో" అని, ఇంకా ఏదో అనబోయి ఆగి, కౌంటరులోకి వెళ్లిపోయింది.

ఉదయం ఆట వదిలింది. మెట్ల మీద గ్లాసులు గలగలమన్నాయి.

"రెండో సగం కాస్త లాగినట్టు..." అన్నాడు గుమాస్తా.

"మెల్లిగా అనవయ్యా బాబూ! మధ్యాహ్నానికి కత్తిరించేసుకుంటుంది" అన్నాడు టీ ఆయన.

రోజూ అక్కడ టీ తాగే నర్సమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నాకు ఆ తలుపు సీను చాలు. పది మందికి చెప్తాను."

"మాదేముందిలెండి, సూదాయన్ని అడగండి" అన్నాడు గుమాస్తా. "నిన్న ఆ సీనుకి కళ్లు తుడుచుకుంటుంటే చూశాను."

"దారం మైనం కంట్లో పడింది."

"రోజూ ఆ సీనుకే పడుతుందేం మామయ్యా?" అన్నాడు గుమాస్తా.

అందరూ నవ్వారు. సూదాయన చెవులు ఎర్రబడ్డాయి. కన్నీళ్లు వచ్చిన మాట నిజమే. వచ్చినందుకే కోపం. ఆ కోపాన్ని ఆయన నిజం అనుకున్నాడు. కటువుగా ఉన్నదల్లా నిజమేననుకునేవాళ్లు చేసే పొరపాటు అదే.

"ఏడిపించిందల్లా మంచిది కాదు" అన్నాడు. "ఆ సీను అబద్ధం. మాట తప్పి పోయిన పిల్ల గుమ్మంలోకి వస్తే ఏ తండ్రీ అలా పరిగెత్తి తలుపు తీయడు. గడియ వేసే ఉంచుతాడు. ఉంచాలి."

నవ్వులు ఆగిపోయాయి. "ఎంత మాటన్నారండీ!" అంది నర్సమ్మ. టీ ఆయన గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. అద్దం వెనక కౌంటరులో, జనం హడావుడిలో, చెల్లెలికి ఇదేమీ వినపడలేదు.

సూదాయన దారం కొనుక్కురావడానికి బజారుకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం ఆట వదిలారు. జనం దిగుతున్నారు గానీ మెట్ల మీద ఎవరూ ఆగడం లేదు. టీ ఆయన సూదాయన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

లోపలికి వెళ్లాడు. వెనక తలుపు పక్కన ఒక సీటు ఉంది. పొద్దున సుద్దతో గుర్తు పెట్టి, దారం అయిపోయి కుట్టకుండా వదిలేశాడు. టార్చి వేశాడు. సీటు చెయ్యి మీద చిన్న చిన్న స్పాంజి ఉండలు, వరసగా. చివరిది సగమే చేసి వదిలేసినట్టుంది.

ఆయన ఒక్కో ఉండనీ వేలితో తాకి చూశాడు.

చెల్లెలు వచ్చి వెనక నిలబడింది.

"సంచీ నా దగ్గర పెట్టి లోపలికెళ్లింది. సినిమా ఇంకా అవనేలేదు, వచ్చి సంచీ ఇవ్వత్తా అంది. ఇంటికి వెళ్దామే అన్నాను. వద్దులే అంది."

"నేను తప్పు పట్టానని చెప్పావా?"

"నాకే తెలియదు, ఏం చెప్పను? సినిమా ఎలా ఉందే అని అడిగాను."

"ఏమంది?"

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అచ్చం నిజంలానే ఉందత్తా, అంది."

సూదాయన బస్టాండుకి పరిగెత్తాడు. బస్సు వెళ్లిపోయింది. చెల్లెలు చేస్తే ఫోను మోగింది గానీ ఆ పిల్ల ఎత్తలేదు. మర్నాడు అన్నాచెల్లెళ్లు ఆ ఊరు వెళ్లారు. గది ఖాళీ చేసి ఉంది. ఎక్కడికి పోయిందో పక్కింటివాళ్లకి తెలియదు.

తిరిగొచ్చిన రోజు ఉదయం ఆట వదిలాక సూదాయన పై మెట్టు మీద నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు. తనే చెప్పాడు.

"ఆ తండ్రిది తప్పు. తలుపు తీయాల్సింది. ఏం జరిగిందమ్మా అని అడగాల్సింది. ధర్మం అనుకుని గడియ పట్టుకుని నిలబడ్డాడు. అది ధర్మం కాదు, పంతం."

మధ్యాహ్నం ఆటలో తండ్రి తలుపు తీశాడు. బయట ఎవరూ లేరు. ఖాళీ వీధి, దూరంగా ఒక దీపస్తంభం. ఆ తర్వాత ఆటాటకీ తలుపు ఇంకా ముందే తెరుచుకునేది. ఒకసారి రెండో సగం మొదట్లోనే, ఒకసారి మొదటి పాటకే. తండ్రి భోజనం వడ్డించి గుమ్మంలో కూర్చునేవాడు. కూతురు మాత్రం ఏ ఆటలోనూ రాలేదు.

ఆ సినిమా ఆడిన చివరి రోజు సూదాయన టికెట్టు కొనుక్కుని, వెనక తలుపు పక్క సీటులో కూర్చున్నాడు. హాలంతటికీ ఆ ఒక్కటే కుట్టని చిరుగు. ఇంటి తలుపుకి గడియ వేయడం ఆయన ఎప్పుడో మానేశాడు.

తెర మీద తండ్రి వీధిలోకి తొంగి చూసి, "ఎవరదీ?" అన్నాడు. సూదాయన చెయ్యి, తనకే తెలియకుండా, చిరుగులోంచి కాస్త స్పాంజి పీకి, రెండు వేళ్ల మధ్య ఉండ చేయడం మొదలుపెట్టింది.